పదకొండు అరిగిన ట్యాపులు

ఆడిట్ వచ్చేలోపు చేయవలసిన పనులు (1999 మే నెల, నా చేతిరాత):

1. షెడ్డు గోడలకు సున్నం వేయించాలి.
2. నేల మీద నడిచే దారికి పసుపు గీతలు కొట్టించాలి. గీత దాటి ఎవరూ నడవకూడదు.
3. ప్రతి మిషనుకూ నంబరు రాయించాలి. మంచినీళ్ళ కుండకు అక్కర్లేదు (కన్సల్టెంటును అడిగి తేల్చుకున్నాను).
4. కాలం చెల్లిన కాగితం ఏదీ గోడ మీద ఉండకూడదు. 1987 నాటి లక్ష్మీదేవి క్యాలెండరు, 1992 నాటి యేసుప్రభువు క్యాలెండరు తీసేయాలి.
5. నాణ్యతా విధానం అందరికీ కంఠతా రావాలి.
6. గేజిలు హైదరాబాదు పంపి సరిచూయించి తెప్పించాలి.
7. అరిగిన పనిముట్లు ఏరి, విరగ్గొట్టి, విరగ్గొట్టినట్టు రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి.
8. జీవరత్నం బాబాయ్ చేత బూట్లు తొడిగించాలి.

ఎనిమిదింటిలో ఏడు పనులు గడువుకు ముందే పూర్తిచేశాను. ఎనిమిదోది చివరిదాకా కాలేదు. కానీ నేను చెప్పబోయేది ఆ కాని పని గురించి కాదు, ఏడో పని గురించి. దాన్ని నేను చాలా బాగా చేశాను.

మాది పెనుగంచిప్రోలు. నాన్న బాలస్వామి, అమ్మ పున్నమ్మ మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళేవాళ్ళు. నేను నందిగామలో బీయస్సీ ఫిజిక్సు చదివి, మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ తెచ్చి, దాన్ని పాలిథిన్ కవరులో పెట్టుకుని ఏడాదిన్నర తిరిగాను. చివరికి జగ్గయ్యపేటలో కుటుంబరావు గారు పిలిచారు. ఆయనకు మెయిన్ బజారులో హార్డ్‌వేరు షాపు, చిల్లకల్లు రోడ్డులో నట్లు తయారుచేసే షెడ్డు ఉన్నాయి. ఇంటర్వ్యూకు ఆయన గల్లాపెట్టె పక్కనుంచి ఒక నట్టు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇదేంటి?"

"నట్టండి."

"ఇంగ్లీషులో?"

"ఇంగ్లీషులోనూ నట్టేనండి."

"దీని గురించి ఓ వంద పేజీలు రాయగలవా?"

రాయగలనన్నాను. ఉద్యోగం వచ్చింది. దగ్గరలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు, ఇకమీదట నాణ్యత సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళ దగ్గరే నట్లు కొంటామని చెప్పారట. సర్టిఫికెట్టు రావాలంటే విజయవాడ కన్సల్టెంటు చెప్పినట్టు అన్నీ కాగితం మీద ఉండాలి. నట్లు చేసేవాళ్ళు షెడ్డులో ఏడుగురున్నారు. రాసేవాడు లేడు. అందుకని నేను.

నట్టు చేయడం చూస్తే తేలికే. ఆరు పలకల ఇనుప కడ్డీని ముక్కలుగా కోస్తారు. ముక్క నడుమ డ్రిల్లుతో బెజ్జం వేస్తారు. అంచులు గుచ్చుకోకుండా చెక్కుతారు. ఆఖరున ట్యాపు. ట్యాపంటే పళ్ళున్న పెన్సిలు లాంటి ఉక్కు పనిముట్టు. బెజ్జంలోకి దింపితే గోడ పొడుగునా మర కోసుకుంటూ దిగుతుంది. ఆ మర కుదరకపోతే అంతకు ముందు చేసిన పనంతా ఇనప రజనుతో పాటు తట్టలోకి పోవాల్సిందే.

ఆ ట్యాపింగు మిషను మీద జీవరత్నం బాబాయ్ ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. చిల్లకల్లు మనిషి. అమ్మ వైపు దూరపు చుట్టం. చదువు ఐదో తరగతి. కాళ్ళకు రబ్బరు చెప్పులు. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "బీయస్సీ" అనేవాడు.

చేరిన వారానికే ఒక సంగతి గమనించాను. బాబాయ్ కోసిన అరంగుళం నట్లు రెండు సంచుల్లోకి వెళ్తున్నాయి. ఒకటి సిమెంటు ఫ్యాక్టరీకి, రెండోది కుటుంబరావు గారి షాపుకు. ఫ్యాక్టరీ సంచికి కొత్త ట్యాపు వాడుతున్నాడు. షాపు సంచికి మాత్రం ఒక పాత పాలపొడి డబ్బాలోంచి, నూనెగుడ్డలో చుట్టిన అరిగిపోయిన ట్యాపు తీస్తున్నాడు.

"రెండు సంచులెందుకు బాబాయ్?"

"అయ్యి కొత్త బోల్టులకి. ఇయ్యి ముసలి బోల్టులకి."

నేను నవ్వాను. అరంగుళమంటే ఢిల్లీలోనూ అరంగుళమే, పెనుగంచిప్రోలులోనూ అరంగుళమే అని చెప్పాను. కొలతలు, ప్రమాణాలు అనేది మా మొదటి సంవత్సరం మొదటి పాఠం. నా నోటుబుక్కులో "కార్మికులలో అవగాహన లోపం" అని రాసుకున్నాను.

జూన్‌లో బాబాయ్ వాళ్ళావిడకు నందిగామలో కంటి ఆపరేషనని మూడు రోజులు సెలవు పెట్టాడు. నేను ఆ మూడు రోజుల్లో ఏడో పని పూర్తిచేశాను. పాలపొడి డబ్బా తెరిస్తే పదకొండు ట్యాపులున్నాయి. ఒక్కొక్కదాన్నే వైసుకు బిగించి సుత్తితో కొట్టాను. ట్యాపు ఉక్కు గట్టిది కానీ వంగదు, సుద్దముక్కలా టక్కున విరుగుతుంది. రిజిస్టరులో "అరిగిన ట్యాపులు, పదకొండు, నాశనం చేయబడినవి" అని రాసి సంతకం పెట్టాను. సంతకం కింద బి.ఎస్సీ. అని కూడా రాశాను. రాయమని ఎవరూ అడగలేదు.

బాబాయ్ వచ్చి డబ్బా తెరిచాడు.

"ఇందులోవి ఏయిరా?"

"అరిగిపోయినయ్ గదా బాబాయ్, విరగ్గొట్టేశా. రూలు."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

ఆయన డబ్బా బోర్లించి అడుగు తట్టాడు. "అయ్యి అరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసంట్రా నీకు?" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మర్నాటి నుంచి ఆ డబ్బాలో పచ్చడి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆడిట్ రోజున హైదరాబాదు నుంచి వచ్చినాయన పసుపు గీతల మధ్యనే నడిచాడు. బాబాయ్ దగ్గర ఆగి, "మీ సంస్థ నాణ్యతా విధానం ఏమిటి?" అని అడిగాడు. బాబాయ్ చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, "వినియోగదారుని తృప్తియే మా ధ్యేయము, నిరంతర అభివృద్ధియే మా మార్గము, ఆమేన్" అన్నాడు. ఆడిటరు ఏదో రాసుకున్నాడు. బాబాయ్ కాళ్ళ వైపు చూడకముందే నేను ఆయన్ని రిజిస్టర్ల వైపు తీసుకెళ్ళాను. నాశనం రిజిస్టరు చూసి, ఇంత శ్రద్ధగా రాసింది ఈ జిల్లాలో చూడలేదన్నాడు. ఆ రాత్రి అమ్మకు ఆ మాట మూడుసార్లు చెప్పాను. ఆదివారం నాటికి అది చర్చి మొత్తానికి తెలిసింది.

సర్టిఫికెట్టు వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి, లక్ష్మీదేవి క్యాలెండరు తీసేసిన మేకుకే తగిలించి, కుటుంబరావు గారు పసుపు కుంకుమ పెట్టారు. షాపులో వేలాడదీయడానికి దాని నకలు ఒకటి తీయించారు.

కుటుంబరావు గారికి తన షాపు నట్ల మీద మొదటి నుంచీ గర్వం. చుట్టుపక్కల రైతులు వేరే చోట కొన్నా, మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు. "మా నట్టుకున్న పట్టు ఇంకోడి నట్టుకుండదయ్యా. షాపు ద్వారం ఈశాన్యంలో ఉంది. అదీ దాని మహిమ" అనేవారు.

ఆగస్టులో బుల్లిబాబు వచ్చాడు. మా ఊరి రైతే. ట్రాక్టరు ట్రక్కు ఇరుసుకు వేసే నట్లు నెల కిందట కొన్నాడు. నేను ఆ వేళ రిపోర్టులిద్దామని షాపులోనే ఉన్నాను. అతను జేబులోంచి ఒక పాత బోల్టూ మూడు నట్లూ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ నట్లు మీరే తీసుకోండి షావుకారు గారూ."

"ఏమైందయ్యా బుల్లిబాబూ?"

"ఎక్కుద్ది. దిగుద్ది. మళ్ళీ ఎక్కుద్ది. ఎక్కడా ఆగట్లా. ఆరు బిగించి బయల్దేరితే పేటకొచ్చేసరికి మూడున్నయ్. మిగతా మూడూ దారి పొడుగునా విత్తనాల్లాగా నాటుకుంటా వచ్చా."

నేను గేజి తీశాను. దానికి రెండు కొనలుంటాయి. ఒక కొన నట్టులో పూర్తిగా దిగాలి, రెండోది దిగకూడదు. మూడు నట్లూ పరీక్షలో నెగ్గాయి.

"నట్టు సరిగ్గానే ఉందండి. మీ బోల్టే అరిగిపోయింది" అన్నాను.

"అరగదా మరి? మా నాయన వేయించిన బోల్టు. మూడేళ్ళ కిందట ఇదే షాపులో నట్టు కొన్నా, పానా పెడితే కదల్లా. అప్పుడు మాత్రం అరగలేదా?"

"బోల్టు కూడా మారిస్తే సరిపోద్దండి."

"ఇదంటే నట్టు పోయి దానంతటదే జారింది. మిగతా ఇరుసు బోల్టులు మార్చాలంటే ట్రక్కంతా ఊడదియ్యాలి. నట్టు కోసం వచ్చినోణ్ణి ట్రక్కు ఊడదీసుకోమంటాడేంటండీ ఈ అబ్బాయి?" అని, గోడ మీది ఫ్రేము వైపు చూశాడు. "పోనీ, ఆ కాగితం ఇటివ్వండి. బోల్టుకి చుట్టి బిగించుకుంటా."

దసరా లోపల చిల్లకల్లు నుంచి, నందిగామ అవతలి ఊళ్ళ నుంచి కూడా ఇలాగే వచ్చారు. గొర్రు నట్లు చాళ్ళలో పోతున్నాయన్నారు. హైవే మలుపులో ఒక ట్రక్కు ఇరుసు పక్కకు జరిగి మిరపకాయ బస్తాలు రోడ్డు మీద పడ్డాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రతి ఫిర్యాదుకూ నేను గేజి పెట్టి చూశాను. ప్రతి నట్టూ నెగ్గింది. మా నట్లు అంత కచ్చితంగా అంతకు ముందెన్నడూ లేవు.

కుటుంబరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"జీవరత్నం చెయ్యి పోయిందయ్యా. వయసైంది. నీ ఫారం ఏదో ఉందిగా, అది నింపి పట్రా."

ఫిర్యాదు ఫారం నేనే గీశాను. కారణం అన్నచోట నాలుగు గడులుంటాయి: మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి. ఒకదాంట్లో టిక్కు పెట్టి కింద వివరం రాయాలి.

"మనిషి దగ్గర టిక్కు పెట్టు. ఒకటో తారీఖు నుంచి విజయవాడ నుంచి వేరేవాణ్ణి పెడుతున్నా."

"ఆయన ఇరవై రెండేళ్ళ నుంచి..."

"అదే నేననేది. ఇరవై రెండేళ్ళు చేస్తే చెయ్యి పోదా?"

మధ్యాహ్నం బాబాయ్ షెడ్డు వెనక గోడ నీడలో అన్నం తింటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. బుల్లిబాబు వదిలేసిన బోల్టు నా జేబులోనే ఉంది. దాన్ని చూడగానే చెయ్యి కడుక్కుని తీసుకున్నాడు.

"నీ కొత్త నట్టు ఇటియ్యి."

ఇచ్చాను. బోల్టు కొసకు తగిలించి వేలితో ఒక్క తిప్పు తిప్పాడు. నట్టు గిర్రున తిరుగుతూ అడుగుదాకా పోయి అటూ ఇటూ ఊగింది. తర్వాత మొలతాడుకున్న సైకిలు తాళంచెవి తీశాడు. దానికొక నట్టు వేలాడుతోంది, పాత ట్యాపుతో కోసింది. దాన్ని అదే బోల్టుకు ఎక్కించాడు. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"ఇంక పానా పెట్టాల్సిందే. తిప్పి చూడు."

చూశాను. నా వేళ్ళు నొప్పి పుట్టాయి కానీ అది కదల్లేదు.

"కొత్త ట్యాపు నిండుగా కోస్తది. అరిగిన ట్యాపు వెంట్రుకవాసి తక్కువ కోస్తది. అందుకని నట్టు బిగువుగా ఉంటది. సిమెంటోళ్ళు నట్టూ బోల్టూ రెండూ కొత్తయ్యే కొంటారు. ఊళ్ళల్లో బోల్టు ఎవుడు మారుస్తాడ్రా? నట్టొక్కటే కొంటారు. బోల్టు తగ్గేకొద్దీ మనమూ తగ్గాల గదా."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వడగందే!"

"అడిగా గదా, రెండు సంచులెందుకని."

"అడిగావు. చెప్పా. నవ్వావు. నవ్వి ఏదో రాసుకున్నావు. బీయస్సీ చదివినోడు రాసుకున్నాడంటే అర్థమైందేమోలే అనుకున్నా."

ఆయన పచ్చడి డబ్బాకు మూత పెట్టాడు.

"షావుకారు నన్ను తీసేస్తున్నాడంట గదా."

"ఎవరు చెప్పారు?"

"తలుపేసి మాట్లాడితే ఇంకేముంటది? తీసేస్తే తీసేశాడు. చెయ్యి పోయిందని మాత్రం రాయమాకురా. నందిగామ పోయినా ఆ మాట నాకంటే ముందే పోద్ది. ఇంక ఎవుడూ మిషను ముట్టనియ్యడు."

ఆ సాయంత్రం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ ఇంకా పొలం పనికి వెళ్తూనే ఉంది కానీ, ఇప్పుడు వెళ్తూ "మా రూబెను పెన్నుతో పనిచేస్తాడు" అని చెప్పుకుంటోంది. నిజం రాస్తే నాశనం రిజిస్టరు బయటికి వస్తుంది. అందులో నా సంతకం, దాని కింద నా డిగ్రీ. చివరికి పద్ధతి గడిలో టిక్కు పెట్టి, "కారణం: అరిగిన పదకొండు ట్యాపులను విరగ్గొట్టడం. బాధ్యుడు: రూబెన్" అని రాశాను. ఈసారి బి.ఎస్సీ. రాయలేదు.

కుటుంబరావు గారు రెండుసార్లు చదివించుకున్నారు. బోల్టు మీద రెండు నట్లూ తిప్పి చూపించాను.

"అంటే ఇన్నాళ్ళూ నా షాపు నడిచింది అరిగిన ట్యాపుల మీదా?"

"జీవరత్నం బాబాయ్ మీదండి."

"మరి ఈశాన్యం ద్వారం?"

ఫారంలో దానికి గడి లేదు.

"సరే. విరగ్గొట్టింది నువ్వేగా, వెళ్ళి మళ్ళీ అరిగినయ్యే కొనుక్కురా" అన్నారు. విజయవాడ వెళ్ళాను. నేనడిగింది విని మొదటి షాపతను పక్క షాపతన్ని కేకేశాడు. "ఇటు రావయ్యా, ఈ బాబుకి కొత్త ట్యాపులొద్దంట, అరిగినయ్యే కావాలంట!" మూడో షాపులో నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

అప్పుడు బాబాయే దారి చూపాడు. కొత్త ట్యాపులు తెప్పించి, సానరాయి మీద పన్ను పన్నూ రుద్ది, బుల్లిబాబు బోల్టు దగ్గర పెట్టుకుని, నాలుగు రోజుల్లో మూడు ట్యాపులు చేశాడు. ఏళ్ళకొద్దీ వాడకం చేసిన పనిని వేలితో తడుముకుంటూ మళ్ళీ చేశాడు. ఆ నట్టు బుల్లిబాబు ట్రక్కుకు పట్టింది. అతను షాపుకొచ్చి ఒక సంచెడు కొనుక్కుపోయాడు, ఫ్రేము వైపు చూడకుండా.

బాబాయ్ ఉద్యోగం నిలిచింది. నాదీ నిలిచింది, ఇంగ్లీషు రాసేవాడు వేరే దొరకలేదు కనుక. మిగిలింది కాగితమే. షెడ్డులో అరిగిన ట్యాపు ఉండకూడదు గదా అని కన్సల్టెంటును అడిగాను. "డ్రాయింగూ నంబరూ ఉంటే అది అరిగింది కాదు, ప్రత్యేకమైనది" అన్నాడు. డ్రాయింగు గీద్దామని బాబాయ్‌ని కొలత అడిగితే, "వేలికి ఆగినంత" అన్నాడు. నేను మైక్రోమీటరుతో ట్యాపును కొలిచి, అంకెలు రాసి, పేరు దగ్గర జె.ఆర్. స్పెషల్ అని పెట్టాను. ఊళ్ళకు పోయే ప్రతి నట్టు పలక మీదా పంచితో జె.ఆర్. అని కొట్టేవాళ్ళం.

మరుసటి ఆడిట్‌లో దాన్ని తెగ మెచ్చుకున్నారు. వినియోగదారుని అవసరాన్ని ఇంత లోతుగా పట్టుకున్న చిన్న పరిశ్రమ లేదన్నారు. ఒకే ఒక్క అభ్యంతరం పెట్టారు. ఇంత సున్నితమైన పని చేసే వ్యక్తి ఐదో తరగతి. ఇతనికి శిక్షణ ఇచ్చిందెవరు? ఇచ్చినట్టు రుజువేది? రుజువు లేకపోతే ఆ మిషను మీద ఉండటానికి లేదు.

కుటుంబరావు గారు నా వైపు చూశారు. నేను బాబాయ్ వైపు చూశాను. "రాయరా, రాస్తే ఏం పోద్ది" అన్నాడాయన.

రాశాను. "శిక్షణ ఇచ్చినవారు: రూబెన్, బి.ఎస్సీ. శిక్షణ పొందినవారు: జీవరత్నం." ఏటా పరీక్ష పెట్టి మార్కులు వేయాలి. ఎనిమిదేళ్ళు వేశాను. ప్రతిసారీ సంతకం పెడుతూ బాబాయ్, "ఈ యేడన్నా పాసయ్యానా గురువు గారూ?" అని అడిగేవాడు. 2003లో మాత్రం ఏటా నూటికి నూరేనా అని ఆడిట్‌వాళ్ళు అనుమానపడితే, బూట్లు తొడగనందుకు రెండు మార్కులు తగ్గించాను. ఆయన పక్కన టీ తాగుతున్నవాళ్ళందరికీ ఆ కాగితం చూపించుకున్నాడు.

2007లో మోకాళ్ళు సహకరించక మానేశాడు. పోయిన ఏడాది చిల్లకల్లులో పోయాడు. ట్యాపు రుద్దడం నాకు నేర్పే వెళ్ళాడు. అదింకా సరిగ్గా రాలేదు నాకు, ఒకటిన్నర చుట్టు దగ్గర ఆగాల్సింది రెండు దగ్గర ఆగుతోంది. ఇప్పుడు షాపు కుటుంబరావు గారి అబ్బాయి శ్రీకర్ చూస్తున్నాడు. జె.ఆర్. అంటే ఏమిటని కొత్తవాళ్ళు అడిగితే "జగ్గయ్యపేట రిజిస్టర్డ్" అని చెబుతాడు. రెండుసార్లు సరిదిద్దాను. "మీరు చెప్పేది నిజమే రూబెన్ గారూ, కానీ ఇదే బావుంది గదా" అన్నాడు.

మా నిబంధన ప్రకారం పదేళ్ళు దాటిన రిజిస్టర్లు చింపేసి, చింపినట్టు రాసి సంతకం పెట్టాలి. ఈ ఏడు 1999 నాటివి చింపాలి. బాధ్యుడు రూబెన్ అని నేను రాసిన ఆ ఒక్క ఫారం వాటిలోనే ఉంది. అది పోతే మిగిలేవి, బాబాయ్‌కి పని నేర్పింది నేనని చెప్పే కాగితాలే. వాటికింకా గడువుంది.

అందుకని ఇది రాస్తున్నాను. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఎప్పుడైనా పాత ట్రక్కు కింద, ఇరుసు దగ్గర, నట్టు మీద జె.ఆర్. అన్న అక్షరాలు కనబడితే అది కంపెనీ పేరనుకోకండి. అది చిల్లకల్లు జీవరత్నం, ఐదో తరగతి, రబ్బరు చెప్పులు. ఆయనకు నేనేమీ నేర్పలేదు. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.